ఎద్దుకు పెట్టి చూసిన మందు

పోయిన వారం మిమ్మల్ని వనపర్తిలో, దవాఖాన వెనక నల్లా దగ్గర నిలబెట్టి వెళ్లాను. నా చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా. మా అత్త రుక్కమ్మ గుడ్డసంచిలో, జొన్నరొట్టెల మూట కింద, పాత చీర పీలికలో చుట్టి ఉంటే దొరికింది. మూత తీస్తే ఆకుపచ్చ పొడి. లోపల వార్డులో మా మామ జంగయ్య పచ్చబడిన కళ్లతో పడుకుని ఉన్నాడు. రెండు నెలల కింద టీబీ మాత్రలు మొదలుపెట్టాడు, నెల తిరిగేసరికి కామెర్లు పట్టుకున్నాయి. మాత్రలు వేస్తే కాలేయం పోతుంది, ఆపితే ఊపిరితిత్తులు పోతాయి అని డాక్టర్ భార్గవి తల పట్టుకుంది. "నాటు మందు ఏమన్నా పెడుతున్నారా?" అని ఆమె రోజూ అడుగుతుంది. "లే తల్లీ" అని మా అత్త రోజూ చెబుతుంది.

కథలోకి ఈ వారమే వచ్చినవాళ్లకు ఒక మాట. నేను మాలతిని, ఈ ఇంటి కోడలిని. ఫార్మసీ చదివి, ఖిల్లా ఘణపూర్‌లో ఒక మందుల షాపులో పని చేస్తున్నాను. మందుల సంగతి మాలతిని అడగాలి అని ఊళ్లో పేరు. ఆ పేరు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతోంది.

పది గంటలకు డాక్టరమ్మ వస్తుంది. కామెర్లు దిగుతున్నాయని, ఆపిన టీబీ మాత్రల్లో ఒకదాన్ని పోయిన శుక్రవారం మళ్లీ మొదలుపెట్టింది. మంగళవారానికి కామెర్లు మళ్లీ ఎక్కాయి. ఇవాళ గురువారం. ఆ మాత్ర ఈ మనిషికి జన్మలో పడదని కాగితం మీద రాసేయాలా వద్దా అన్నది ఇవాళ తేలాలి. రాసేస్తే టీబీకి ఉన్న గట్టి మందు మా మామకు ఇక లేనట్టే.

మా అత్త చెంబు కడిగి వెనక్కి తిరిగింది. నా చేతిలో డబ్బా చూసింది. దొరికిపోయినందుకు సిగ్గుపడుతుందేమో అనుకున్నాను. సిగ్గు లేదు సరికదా, కోపం వచ్చింది.

"మూత ఎందుకు తీసినవ్? ఇటియ్యి."

"ఏందత్తా ఇది? మామకు పెడుతున్నవా?"

తడి చేత్తో నా నోరు మూసింది. "నోట అనకు బిడ్డా! పలికితే గుణం పోతది."

ఆ చెయ్యి తీయించి, బతిమాలి, బెదిరించి, ముక్కముక్కలుగా రాబట్టాను. పెబ్బేరు శనివారం సంతలో, ఎడ్ల బేరాలు జరిగేచోటికి కొంచెం అవతల, గొడుగు వేసుకుని కురుమూర్తి అని ఒకాయన కూర్చుంటాడట. పశువుకైనా మనిషికైనా ఒకటే పొడి. కుంటే ఎద్దుకు పిడికెడు, మోకాళ్లు పట్టుకుపోయిన రైతుకు చిటికెడు. తీసుకునేవాళ్లు ముందు ఆయన చేతిలో చెయ్యి వేసి మాట ఇవ్వాలి. డబ్బా నేల మీద పెట్టకూడదు. పరగడుపునే తినాలి. తిన్న సంగతి ఎవరికీ చెప్పకూడదు, ఇంగ్లీషు డాక్టరుకైతే అసలే చెప్పకూడదు. చెబితే మందు చచ్చిపోతుంది.

ఎంత తెలివైన కట్టుబాటో చూడండి. తిన్నవాడికి ఏమైనా సరే, ఇచ్చినవాడు మాత్రం చల్లగా ఉంటాడు. మా వైపు ఆకు మందు ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు, అందరూ దొంగలని నేననను. కానీ నోరు తెరవొద్దని ఒట్టు పెట్టించుకున్న మందును నేను కుక్కకు కూడా పెట్టను. మా ఇంట్లో మూడు నెలలుగా మనిషికి పెడుతున్నారు. అది కూడా నా కళ్ల ముందే, మజ్జిగలో కలిపి.

"ఎప్పటి సంది?" అన్నాను.

"చేన్ల పల్లికాయ, బుడ్డలు పీకినప్పటి సంది. మోకాళ్లు లేవనియ్యలే గద అప్పుడు."

"టీబీ మాత్రలు మొదలుపెట్టినంక గూడ ఆపలేదా?"

"అది దగ్గుకు, ఇది కాళ్లకు. దాని దోవ దానిది, దీని దోవ దీనిది. ఎందుకు ఆపుతం?"

ఈ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏ నొప్పి మాత్ర అయినా, ఏ ఆకు అయినా, ఏ దోవన పోయినా చివరికి ఆ ఒక్క కాలేయం గుండానే పోవాలి. "అత్తా, ఏది తిన్నా కార్జమే అరగదీయాలె. టీబీ మాత్రలే దానికి బరువు. మీద ఇంకొకటి పెడితే ఎట్ల మోస్తది?" అన్నాను. ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"దవాఖానల గూడ పెట్టినవా?"

"వచ్చిన మొదటి వారం పెట్టలే. డబ్బా ఒడిసిపోయింది. శనివారం పెబ్బేరు పోయి కొత్త డబ్బా తెచ్చిన. ఆదివారం సంది పెడుతున్న."

శనివారం. పొడి అయిపోయిన వారంలో కామెర్లు దిగాయి. కొత్త డబ్బా వచ్చిన మూడో రోజుకు ఎక్కాయి. అందరం కలిసి శుక్రవారం వేసిన ఆ ఒక్క టీబీ మాత్రను తిట్టుకుంటున్నాం.

"పొడి ఆపిన వారమే గద అత్తా దిగింది!"

"దిగింది గద. అందుకే మళ్ల తెచ్చిన. పూరాగ దిగాలె గద మరి."

నేను నల్లా గట్టు మీద కూలబడ్డాను. ఈ మనిషి మొగుణ్ణి చంపుకోవాలని పెట్టలేదు. చన్నీళ్లతో కాళ్లు కడిగి, తూర్పుకు తిరిగి, దండం పెట్టుకుని మరీ పెట్టింది. నాకు అసహ్యం వేసింది అందుకే. దుర్మార్గం అయితే తిట్టిపోయవచ్చు, దీన్ని ఏం చెయ్యాలి?

"నువ్వు గట్ల సూడకు మాలతీ. మేం ఊకెనే పెట్టినమా? ఎద్దుకు పెట్టి సూసినం" అంది ఆమె, ఇంకేం కావాలి అన్నట్టు.

ఆ ఎద్దు సంగతి నాకూ గుర్తుంది. తెల్ల ఎద్దు ముందరి కాలు వాచి మూడు రోజులు లేవలేదు. మామ అన్నం మానేసి కొట్టం దగ్గరే కూర్చున్నాడు. సంత నుంచి తెచ్చిన పొడిని జొన్నపిండి ముద్దలో పెట్టి మింగించారు. తెల్లారేసరికి ఎద్దు లేచి గడ్డి మేసింది. ఊరంతా వచ్చి చూసింది. ఆ రోజు సాయంత్రమే మా మామ తన మోకాళ్లకు చిటికెడు పొడి నోట్లో వేసుకున్నాడట. మాకు తెలియకుండానే ఆ ఎద్దు పెద్ద డాక్టరు అయిపోయింది.

"మనిషి అబద్ధమాడతడు. ఎద్దు ఆడతదా?" అంది అత్త.

ఎద్దు అబద్ధం ఆడదు, నిజమే. నాకు అనుమానం వచ్చింది కూడా అక్కడే. మూడు రోజులు లేవని పశువును ఒక్క రాత్రిలో లేపే ఆకు ఏది? ఉంటే నాకూ చూపించండి. అత్త సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి కడిగి, సగం నీళ్లు పోసి, రెండు చెంచాల పొడి వేశాను. అత్త అడ్డం వచ్చింది, మోచేత్తో ఆపాను. కాసేపటికి ఆకు నలుసులన్నీ పైకి తేలాయి. అడుగున తెల్లటి మడ్డి పేరుకుంది.

పైనున్న ఆకును పారబోసి, మడ్డిని అరచేతిలోకి ఒంపుకున్నాను. వేలితో రుద్దితే సుద్దలా జారింది. మధ్యలో గోరంత గట్టి ముక్క ఒకటి తగిలింది. రోట్లో సరిగ్గా నలగని ముక్క. ఒక పక్క నున్నగా ఉంది, మీద గాడి. మాత్రను రెండుగా విరవడానికి గీసే గాడి.

మనుషుల మాత్రకు అంత వెడల్పు గాడి ఉండదు. అంత మందమైన మాత్ర మా షాపులో ఏ అరలోనూ లేదు. కానీ మా ఇంట్లో ఉంది. మంచం కింద అట్టపెట్టెల్లో ఉంది. రోజూ ఊడుస్తూ నేనే ఆ పెట్టెలను అటూ ఇటూ జరుపుతాను. పశువులకు జ్వరమొచ్చినా, వాపొచ్చినా వేసే బొటనవేలంత మాత్రలు.

ఆ పెట్టెలు నా మొగుడివి.

నిరంజన్‌ను ఊళ్లో పశువుల డాక్టరు అంటారు. వెటకారం సగం, నమ్మకం సగం. చదివింది ఇంటరు. బండికి సంచి తగిలించుకుని గోపాల్‌పేట దాకా ఊరూరా తిరిగి పశువులకు సూదులేస్తాడు, మందులమ్ముతాడు. నోరు మంచిది, చెయ్యి తేలిక. పెళ్లయిన ఈ నాలుగేళ్లలో నాకు అతని మీద ఒక్క ఫిర్యాదు ఉండేది, ఇంట్లో మందుల కంపు. గడువు దాటిన మాత్రల పెట్టెలు నెలకోసారి మాయమవుతుంటే పారబోస్తున్నాడనుకున్నాను. ఎక్కడ పారబోస్తున్నావని అడగలేదు. మందుల షాపులో కూర్చుని గడువు తేదీలు చూసే దాన్ని, ఇంట్లో అడగలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

సరిగ్గా అప్పుడే వచ్చాడు, చేతిలో ఉగ్గాని పొట్లాలతో. "నాయిన తిన్నడా?" అంటూ వచ్చినవాడు నా అరచేయి చూసి ఆగిపోయాడు. తేలు కుట్టిన దొంగ ముఖం ఎలా ఉంటుందో ఆ పొద్దు చూశాను.

"ఇదేంది?" అన్నాను.

"ఏమో. నాకేం తెల్సు?"

"నీ పెట్టెలదే గద?"

"అన్ని మాత్రలు ఒక్క తీరుగనే ఉంటయి మాలతీ. జర సప్పుడు జెయ్యకు, అందరు సూస్తుండ్రు."

"కురుమూర్తికి ఇచ్చినవా, లేదా?"

పొట్లాలు గట్టు మీద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "డేటు అయిపోయినయి. పారబోస్తే ఏమొస్తది? ఎడ్లకు పెడ్త అన్నడు, ఇచ్చిన. మనుషులకు అని అనలే."

"ఆయన కాడికి మనుషులు గూడ వస్తరని నీకు తెల్వదా?"

తెలుసు. పెబ్బేరు సంతకు పోయేవాళ్లలో అది తెలియనివాడు లేడు.

నల్లా పక్కకు పోయి వాంతి చేసుకున్నాను. గడువు దాటి, పశువుకే వేయకూడదని తీసేసిన మాత్ర, ఒక రోట్లో పడి, ఆకులో దాక్కుని, ఒట్టు పెట్టించుకుని, చివరికి తిరిగి మా ఇంటికే వచ్చింది. మా మామ మజ్జిగ గ్లాసులోకి వచ్చింది. తెచ్చింది పెళ్లాం. సరుకు ఇచ్చింది కొడుకు. ఆయనకు రోజూ లెక్క ప్రకారం టీబీ మాత్రలు మింగించి, మంచి కోడలిననుకున్నది నేను.

ముఖం కడుక్కుని తిరిగేసరికి మా అత్త కొడుకును చూస్తోంది. ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"అంటే... ఎద్దు లేసింది నీ మాత్రకేనా? ఆకుకు కాదా?"

"అవ్వా..."

"నాకు చెప్పు నిరంజనూ. ఎద్దు లేసింది దేనికి?"

అతను తల దించుకున్నాడు. ఎద్దు లేచింది దానికి వేసే మందు దానికి పడ్డందుకే. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తుంది, కొడుకును నాలుగు తిడుతుంది, ఇక ముగ్గురం కలిసి డాక్టరమ్మ దగ్గరికి పోతాం అనుకున్నాను. నేను ఎంత పిచ్చిదాన్నో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆమె నా దగ్గరకు వచ్చి గడ్డం పట్టుకుంది. "డాక్టరమ్మకు చెప్పకు బిడ్డా. పొలీసులు వస్తరు. మొగడు నీవాడు."

ఇందాక మందు కోసం మూసిన నోరు, ఇప్పుడు కొడుకు కోసం మూస్తోంది.

"అవును మాలతీ" అన్నాడు నిరంజన్, దారి దొరికినట్టు. "ఇగ పెట్టం గద. ఆపితే అదే దిగుతది. ఎవ్వరికి చెప్పేది ఏముంది?"

"డాక్టరమ్మ టీబీ మాత్రదే తప్పనుకుంటున్నది. ఇవాళ దాన్ని బంద్ చేస్తే మీ నాయిన టీబీకి పోతడు. లోపల ఏమేం పడ్డదో తెలిస్తేనే గద ఆమె వైద్యం చేసేది?"

"వేరే మాత్రలు ఉంటయి లే."

'ఉంటయి లే.' కన్నతండ్రి ప్రాణం గురించి ఆ మాట అన్నాడు. నాలుగేళ్లు ఒకే కంచంలో తిన్న మనిషి మీద నాకు అంత అసహ్యం కలుగుతుందని నేనెన్నడూ అనుకోలేదు. ఆ చేతులు చూడబుద్ధి కాలేదు.

నేను ఇంకేదో అనేలోపు డబ్బా అందుకున్నాడు. పొడి మొత్తం మోరీలో ఒంపి నల్లా తిప్పాడు. ఆకుపచ్చ నీళ్లు సుడి తిరుగుతూ జాలీలోంచి కిందికి పోయాయి. నా అరచేతిలోని ముక్క వాంతి చేసుకుంటున్నప్పుడే ఎక్కడో జారిపోయింది. ఖాళీ డబ్బాను కడిగి, సంచిలో పెట్టి, "పద, డాక్టరమ్మ వచ్చే యాళ్లయింది" అన్నాడు.

వార్డులో మా మామ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండు రోజులుగా పగలంతా నిద్రే. బలహీనత అనుకున్నాం. డాక్టర్ భార్గవి కాగితాలు తిరగేస్తూ నిలబడింది. చిన్న వయసు, అరిగిన చెప్పులు, కళ్ల కింద చారలు. మంగళవారం రిపోర్టు మీద వేలు ఆనించి, ఎప్పటి ప్రశ్నే అడిగింది.

"ఇంకొక్కసారి అడుగుతున్నా. ఆకు, పొడి, పసరు, కషాయం, ఏదైనా పెడుతున్నారా? నేను తిట్టను. తెలియాలి, అంతే."

"లే తల్లీ" అంది మా అత్త. ఈసారి గొంతు సన్నగా వచ్చింది.

"ఏం లేదు మేడం" అన్నాడు నిరంజన్. గొంతు వణకలేదు.

డాక్టరమ్మ నిట్టూర్చి పెన్ను తీసింది. "అయితే ఈ మాత్ర ఆయనకు పడదని రాసేస్తున్నా. దీన్ని ఇక వాడేది లేదు. టీబీకి మిగిలిన మందులతో ఎంతవరకు నెట్టుకురాగలమో చూద్దాం."

పెన్ను కాగితం మీద పెట్టింది. మా అత్త నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేటట్టు.

"రాయకండి మేడం" అన్నాను. "పొడి పెడుతున్నరు. మూడు నెలల సంది. ఈ ఆదివారం సంది ఈడ గూడ పెట్టిండ్రు. ఆకుల పశువుల నొప్పి మాత్రలు దంచి కలిపిండ్రు."

"మీకెలా తెలుసు?"

పక్క మంచాలవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. నిరంజన్ నా వైపు చూడలేదు. నేను అతని వైపే చూస్తూ చెప్పాను.

"ఆ మాత్రలు ఇచ్చింది నా మొగడే."

డాక్టరమ్మ ముఖంలో మొదట నమ్మకం లేదు, తర్వాత కోపం, ఆ తర్వాత నాకున్నటువంటి రోత. అప్పుడు గోడవైపు నుంచి ఒక గొంతు వచ్చింది. మా మామ ఇటు తిరిగాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు.

"రాయకు డాక్టరమ్మా. నా కొడుకు పేరు రాయకు. నేనే తిన్న. నా అంతట నేనే తిన్న."

నిరంజన్ మంచం పట్టె పట్టుకుని కిందికి వంగిపోయాడు. వెళ్లి మామ నుదుటి మీద చెయ్యి పెట్టాను. ఆయన ఆ పచ్చటి కళ్లతో నన్ను చాలాసేపు చూశాడు, మర్యాదగా, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లను చూసినట్టు.

"నువ్వెవరి పిల్లవు తల్లీ?"

డాక్టర్ భార్గవి చేతిలోని కాగితాలు మంచం మీద పడేసింది. "పెద్దాయనా, రెండు చేతులు ముందుకు చాపు. వేళ్లు విడదీసి పట్టు. అట్లనే ఉంచు."

చాపాడు. రెండు క్షణాలు నిలిచాయి. తర్వాత మణికట్ల దగ్గర చేతులు వాలాయి, లేచాయి, మళ్లీ వాలాయి. ఆయన ఆపాలని చూస్తున్నాడు, ఆగడం లేదు. "కాలేయం పని చేయక విషం మెదడుకు ఎక్కింది" అని నర్సుతో మెల్లగా అంది డాక్టరమ్మ. "హైదరాబాద్‌కు ఫోన్ చెయ్. అంబులెన్స్ ఇప్పుడే కావాలి."

తర్వాత నిరంజన్ భుజం పట్టి పైకి లేపింది.

"పొలీసుల సంగతి తర్వాత. అక్కడివాళ్లకు నేను చెప్పాలి. ఏ మాత్ర అది? పేరు చెప్పు."

నొప్పి మాత్ర పేరు చెబుతాడని నేను ఎదురు చూశాను. తండ్రి చేతుల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు.

"ఒక్కటి గాదు మేడం" అన్నాడు. "నొప్పులయి, పురుగులయి, ఒంటిమీద నెత్తురు తాగే గోమార్లు పోనీకి వేసేటియి. ఏది డేటు అయిపోతే అది సంచిలేసి ఇచ్చిన. కురుమూర్తి ఏ డబ్బాల ఏది కలిపిండో నాకు తెల్వదు."